"పతతి శలభః": తినా, తునా? అసలు శలభం ఏది?

పాతపుస్తకం: పొద్దున్నుంచి ఒక పాదం నోట్లో తిరుగుతోంది, "అజానన్ దాహార్తిం పతతి శలభస్తీవ్రదహనే". మంట కాలుస్తుందని తెలీక శలభం అందులో పడుతుంది అని. భర్తృహరిదే, వైరాగ్యశతకం. కానీ చిన్నప్పుడు నేను బట్టీ పట్టింది "అజానన్మాహాత్మ్యం పతతు శలభో దీపదహనే" అని, అంటే మంట మహిమ తెలీక శలభం దీపంలో పడితే పడనీ అని గుర్తు. ఏది సరైంది?

అరసున్నా: రెండూ అచ్చులో ఉన్నవే. వృత్తం శిఖరిణి కదా, రెండూ గణాలకి చక్కగా కూర్చుంటాయి, విరుపు కూడా ఆరో అక్షరం దగ్గరే, కాబట్టి ఛందస్సు తేల్చదు. రెండో పాదంలో గాలానికున్న మాంసం తినే చేపకి "అశ్నాతు" అని చదివితే ఇక్కడ పతతు, "అశ్నాతి" అయితే పతతి. నా ఓటు తు-కే. తెలీని పురుగు, పడితే పడనీ, అన్నీ తెలిసిన మనకేం పుట్టింది అన్న విసుగంతా ఆ ఉకారంలోనే ఉంది.

పదపిచ్చి: పడేదేంటో తేలకుండా తు, తి అని కొట్టుకుంటే ఎలా? శలభం అంటే మిడత. భారతంలో బాణాలు శలభాల గుంపుల్లా వచ్చి కమ్ముతాయి, దీపం పురుగులు అలా కమ్ముతాయా ఎక్కడైనా?

అరసున్నా: "సమౌ పతంగశలభౌ", పతంగమూ శలభమూ ఒకటే అని అమరకోశం. అయిపోయింది.

పదపిచ్చి: అవ్వలేదండీ, పతంగం అంటే సూర్యుడు కూడా. సూర్యుడొచ్చి దీపంలో పడ్డాడా?

చేనుగట్టు: పెద్దోళ్ల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా అనంతపురం పక్క చెనక్కాయ (వేరుశనగ) చేలల్లో ఎర్రగొంగళి పురుగు అని ఒకటుంది. తొలకరి వాన గట్టిగా పడితే చాలు, రెండు మూడు రోజుల్లో రాత్రిపూట నేలలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, తెల్ల రెక్కలు, వాటి మీద గోధుమరంగు చారలు, ముందంచున పసుపు గీత, వెనక రెక్కల మీద నల్లమచ్చలు. గెనిమల మీద, అంటే చేని గట్ల మీద, మంటలు వేసేది అందుకే, వచ్చి పడిపోతాయి. తప్పించుకున్నది ఆకు అడుగున వందల గుడ్లు పెడుతుంది, మూడు నాలుగు రోజుల్లో పిల్లపురుగులు, మొదట గుంపుగా ఆకు గీకి తింటాయి, పెద్దయ్యాక ఒళ్లంతా ఎర్రటి బొచ్చు, ఒక చేను అయిపోతే దండు కట్టి పక్క చేనుకి నడిచిపోతాయి. దానికే చేను చుట్టూ కాలవ తీస్తారు. నెలా పదిరోజులు అట్ల తిని, గెనిమల్లో, చెట్ల కింద మట్టిలో దూరి కోశాలు కట్టుకుని, మళ్లీ వానకాలం దాకా తొమ్మిది పది నెలలు అట్లే పడి ఉంటాయి. వేసవి దుక్కి లోతుగా దున్నితే ఆ కోశాలు పైకొచ్చి పిట్టల పాలవుతాయి. కాబట్టి కమ్మేదీ ఇదే, మంటలో పడేదీ ఇదే. మిడతల దండు ఎగిరేది పగలు కదా, దానికి దీపంతో పనేముంది? ఇంకొకటి, మేం వేసేది దీపం కాదు, తీవ్రదహనమే!

పదపిచ్చి: కమ్మేది గొంగళి, పడేది రెక్కల పురుగు, రెండూ కలిపి ఒక మాటకి అంటగడితే ఎట్లా? ఒంటరి మిడత రాత్రి దీపం దగ్గరికి రాదా ఏం.

పాతపుస్తకం: బాగుంది గానీ, మాహాత్మ్యమా దాహార్తా?

కొసమెరుపు: 2024లో ఒక పరిశోధన వచ్చింది, రాత్రి పురుగులు దీపం మీద మోజుతో రావట. పైన ఆకాశమే వెలుగు అన్న లెక్కలో వీపుని వెలుగు వైపు తిప్పుకుంటాయి, దీపం పక్కనుంటే ఆ వంపులోనే చుట్టూ తిరుగుతాయి, దీపానికి పైగా వెళ్తే తలకిందులై కింద పడతాయి. అంటే పతతి అక్షరాలా నిజం.

అరసున్నా: నిజం చెప్పడానికి శ్లోకం ఎందుకండీ? కాళిదాసుని చూడండి, కుమారసంభవం మూడో సర్గలో మన్మథుడు "పతంగవద్ వహ్నిముఖం వివిక్షుః", పతంగంలా మంట నోట్లో దూరబోయేవాడు, నాలుగులో అదే మన్మథుడికి "శలభత్వం హరలోచనార్చిషి", శివుడి కంటిమంటలో శలభత్వం. మంట ఒకటే, పడినవాడు ఒకడే, పేర్లు రెండు. ఆ "శలభత్వం" అనే భావార్థకం ఎంత క్రూరంగా ఉందో, చచ్చాడు అని కూడా అనలేదు, పురుగుతనం పొందాడు అన్నాడు. నాలుగో సర్గ మొత్తం ఒకసారి పైకి చదువుకోండి, రతి విలాపం దగ్గర గొంతు పట్టేస్తుంది.

పదపిచ్చి: కాళిదాసు తెలుగుదేశంలో చెనక్కాయ వెయ్యలేదు లెండి.

చేనుగట్టు: అప్పుడు ఆ పంటే మన దేశానికి రాలేదు సార్, పురుగు మాత్రం అలసందా ఆముదమూ తింటా అప్పటికే ఉండుంటాది.

పాతపుస్తకం: అటక మీది పుస్తకం దింపాను. తొలి పాదం ఉన్న పేజీ మూల చెదలు తినేసింది. రెండో పాదం మాత్రం "న మీనోఽపి జ్ఞాత్వా" అని ఉంది.

అరసున్నా: "న" నా? "స మీనోఽప్యజ్ఞానాత్" కదా! ఒకసారి సరిగ్గా చూడండి, సకారం తోక చిరిగిందేమో.