వెనక హౌసింగ్ వంగిన పాత పికప్: వంపు తీయించాలా, సెట్టు మార్చాలా?

మామిడి_లోడు:
2009 మోడల్ పికప్. వెనక రెండు టైర్లూ లోపలి అంచునే అరిగిపోతున్నాయి. ఎడమవైపు బేరింగు, ఆయిల్ సీల్ కొత్తవి వేసినా నిలవడం లేదు, గేరాయిల్ కారి బ్రేక్ లైనర్లు తడుస్తున్నాయి. ఒక మెకానిక్ హౌసింగ్ (వెనక చక్రాల మధ్య షాఫ్టులు ఉండే గొట్టం) వంగింది, లేత్ షాపులో వంపు తీయిద్దాం అంటున్నాడు. ఇంకొకాయన ఆటోనగర్ వెళ్లి పాత సెట్టు (హౌసింగ్, షాఫ్టులు, గేర్లు కలిపి) మొత్తం తెచ్చి వేసేయమంటున్నాడు. ఏది మేలు అన్నా?

లేత్‌పని:
ముందు వంగింది హౌసింగా, దానిలో చక్రాన్ని తిప్పే షాఫ్టా తేల్చుకో తమ్ముడూ. వెనక భాగం స్టాండ్ల మీద ఎత్తి, రిమ్ము పక్కన కదలకుండా ఒక కడ్డీ పెట్టి చక్రం చేత్తో తిప్పు. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే షాఫ్టు కొసన చక్రం బిగించే ఫ్లాంజి గానీ రిమ్ము గానీ వంగినట్టు. సందు మారకుండా చక్రం ఒకే పక్కకి ఒరిగి ఉంటే హౌసింగే. ఎక్కువ బరువుకి గొట్టం మధ్యలో దిగి కొసలు పైకి లేస్తాయి, చక్రాల పైభాగాలు లోపలికి ఒరుగుతాయి. నీ టైర్లు చెబుతున్నది అదే.

షాఫ్టు వంగితే మార్చడమే. గ్యాస్ పెట్టి కాల్చారంటే పైపొర గట్టిదనం పోతుంది. హౌసింగ్ మాత్రం తీయొచ్చు. అన్నీ విప్పి ఖాళీ చేసి, డిఫరెన్షియల్ (మధ్యలోని గేర్ల) బేరింగులు కూర్చునే చోట, రెండు కొసల్లో బుష్షులు తిప్పి పెట్టి, వాటిగుండా సాపైన పొడుగు కడ్డీ దూర్చాలి. గొట్టం అడుగున చిన్న వెల్డింగ్ గీత లాగితే అది చల్లారేటప్పుడు ముడుచుకుని కొసను కిందికి దించుతుంది. చల్లారాక కొలవడం, మళ్లీ కొద్దిగా లాగడం. కడ్డీ ఎక్కడా పట్టకుండా చేత్తో జారితే పని అయినట్టు. ఎర్రగా కాల్చి నీళ్లు కొట్టేవాళ్లకి మాత్రం ఇవ్వకు.

పూర్తి_సెట్టు:
చెప్పడానికి బాగానే ఉంది. ఆ కడ్డీ, ఆ బుష్షులు ఎన్ని షాపుల్లో ఉన్నాయి? ఎక్కువమంది గొలుసు కట్టి జాకీ పెట్టి లాగి, కంటితో చూసి సరిపోయిందంటారు. ఒకసారి వంగిన గొట్టం, స్ప్రింగు కూర్చునే సీటు పక్కన అప్పటికే అలిసిపోయి ఉంటుంది. మామిడి_లోడు, చక్రం మధ్యలో గుండ్రంగా బోల్టులు ఉన్నాయా?

మామిడి_లోడు:
లేవన్నా. డ్రమ్ము విప్పితే షాఫ్టు ఫ్లాంజే ఉంది.

పూర్తి_సెట్టు:
అయితే సెమీ ఫ్లోటింగ్. చక్రం బరువంతా షాఫ్టు మీదే. బేరింగు బయట షాఫ్టు విరిగితే డ్రమ్ముతో సహా చక్రం ఊడిపోతుంది. ఫుల్ ఫ్లోటింగ్ (బరువు హౌసింగే మోసేది) అయితే షాఫ్టు విరిగినా చక్రం నిలబడుతుంది. నీ బండికి ఆ వెసులుబాటు లేదు, సెట్టు మార్చు.

గేరాయిల్90:
హౌసింగ్ మీద గాలి పోయే బ్రీదర్ మూసుకుపోయినా సీల్ కారుతుంది. అది కూడా చూడండి.

లేత్‌పని:
పాత సెట్టు అంటే పళ్లు లెక్కపెట్టారా? పెద్ద గేరు క్రౌన్‌కి 41, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి 10 ఉంటే రేషియో 4.1. తెచ్చింది 43కి 10 అయితే 4.3. లాగుడు మారుతుంది, మీటరు కేబులు గేర్‌బాక్సు నుంచి వస్తే వేగం ఎక్కువ చూపిస్తుంది. ముందు ఇది చెప్పండి.

పూర్తి_సెట్టు:
పళ్లు లెక్కపెట్టడం ఎవరికి రాదు? రేషియో ఒక్కటేనా? ఫ్లాంజి నుంచి ఫ్లాంజికి వెడల్పు, స్ప్రింగ్ సీట్ల మధ్య దూరం, బ్రేకుల బ్యాక్ ప్లేటు బోల్టుల వరస, డ్రమ్ము సైజు, అన్నీ టేపు పెట్టి చూసుకునే కొంటారు.

లేత్‌పని:
రేషియో గురించి అడిగితే డ్రమ్ము గురించి చెబుతారేంటి? పైగా ఆ పాత సెట్టు వంగలేదని మీకెవరు చెప్పారు? అది కూడా ఇలాంటి బండి కిందే తిరిగింది.

పూర్తి_సెట్టు:
అతుకేసి ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్లే ఇలా మాట్లాడతారు. మా బండికి వంపు తీసిన షాపువాళ్లు హౌసింగ్ విప్పకుండానే వెల్డింగ్ కొట్టారు. ఎర్త్ క్లిప్పు చాసిస్‌కి తగిలించారు. కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద మచ్చలు పడ్డాయి. డబ్బులడిగితే సమాధానం లేదు.

లేత్‌పని:
అది పని చేతకాకపోవడం. నేను విప్పి చేయమని మొదటే రాశాను. చదవకుండా నిందలేయకండి.

పెద్దాయన_గ్యారేజీ:
ఇద్దరూ కాస్త తగ్గండి బాబూ. బండిలో ఎంత వేస్తున్నారని ఒక్కరూ అడగలేదు.

మామిడి_లోడు:
ఆర్సీ ప్రకారం టన్నుంపావు. సీజన్లో రెండున్నర దాకా పోతుంది.

లేత్‌పని:
రెట్టింపు! అలాగైతే ఏ హౌసింగూ నిలవదు, కొత్తదైనా సరే. నేను చెప్పిన పని టన్నుంపావు మోసే బండికి.

పూర్తి_సెట్టు:
ఇదిగో, అసలు తేడా ఇక్కడుంది. మీరు కాగితం మీది బరువు లెక్కగడుతున్నారు. నేను రోడ్డు మీద నడిచే బరువు చూస్తున్నా. కిరాయి గిట్టదు కాబట్టి అతను తగ్గించడు. తగ్గించనివాడికి అలిసిన గొట్టం సాపుచేసి ఇస్తే ఘాటులో ఏమవుతుంది? అందుకే మార్చమంటున్నా.

లేత్‌పని:
తగ్గించనని చెప్పినవాడికి నేను అసలు బాగుచేసి ఇవ్వను. సెట్టు మార్చి ఇచ్చినా అదే ప్రమాదాన్ని కొన్నాళ్లు వాయిదా వేయడమే కదా.

పూర్తి_సెట్టు:
మీరు ఇవ్వకపోతే పక్క షాపులో గొలుసు కట్టి లాగించుకుంటాడు. అది మేలా?

మామిడి_లోడు:
స్ప్రింగు కట్టలో ఇంకో పట్టీ ఎక్కిస్తే సరిపోదా అన్నా?

లేత్‌పని:
పట్టీ ఎక్కిస్తే బండి కూర్చోదు, అంతే. ఆ బరువు హౌసింగ్ గుండానే చక్రాలకి దిగాలి. కట్ట గట్టిపడితే గుంతలో దెబ్బ ఇంకా సూటిగా తగులుతుంది. అది వద్దు. హౌసింగ్ కడిగి, లోపల కిరసనాయిలు పోసి, బయట స్ప్రింగ్ సీటు వెల్డింగ్ చుట్టూ సుద్దపొడి రాయి. తడి గీత కనిపిస్తే బీట ఉన్నట్టు. అప్పుడు నేను కూడా మార్చమనే అంటాను.

పూర్తి_సెట్టు:
ఈ మాటకి ఒప్పుకుంటా. పాత సెట్టు కొనేముందు అమ్మేవాడి దగ్గరే దానికీ ఇదే పరీక్ష చెయ్యి. క్రౌన్, పినియన్ జంటగానే తీసుకో, మీ పాతదానిలోది ఒకటి దీనిలోది ఒకటి కలపకు. బేరింగును షాఫ్టు మీద పట్టి ఉంచే లాక్ కాలర్ కొత్తది వెయ్యి, పాతదాన్ని ఉలితో చీల్చాలి గానీ గ్యాస్ తగలనివ్వకు. స్ప్రింగు కట్టను హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవి, ఒక లోడు తిరిగాక మళ్లీ బిగించు. బరువు సంగతి మాత్రం నేను ఆయనతో ఒప్పుకోను.