ఆల్ప్స్ కొండల ఆస్టర్ మన మిద్దెలపై ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న (అనంతపురం): అందరికీ నమస్కారం. ఆల్ప్స్ పర్వతాల బండల సందుల్లో జానెడు ఎత్తున పూసే ఊదారంగు ఆస్టర్‌ను ఫొటోలలో చూసి మనసుపడి, నిరుడు మాఘంలో విత్తనాలు తెప్పించి మిద్దెపై ఐదు కుండీలలో వేశాను. మొలకలు ఉగాది వరకు పచ్చగానే ఉన్నాయి. ఎండలు ముదిరిన తరువాత, రోజూ నీళ్లు పోస్తున్నా, మొదళ్లు మెత్తబడి ఒక్కొక్కటే చనిపోయాయి. పొట్లంపై బహువార్షికమని రాసి ఉండడంతో ఏళ్ల తరబడి పూస్తుందని ఆశపడ్డాను. లోపం మట్టిలో ఉందా, నా పెంపకంలో ఉందా?

జవాబు (కడప): అయ్యా, నేను వృక్షశాస్త్రం బోధిస్తాను. లోపం మీది కాదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆస్టర్ ఆల్పినస్ అని నమోదు చేసిన ఈ మొక్క 10 నుండి 30 సెంటీమీటర్లకు మించి ఎదగదు. నేలకు దగ్గరగా గాలి జోరు తక్కువగా ఉండి, ఎండకు కాగిన రాళ్ల వెచ్చదనం అందుతుంది కనుక, చలికొండలపై ఆ పొట్టితనమే దానికి రక్ష. చలికాలమంతా మంచు కింద విశ్రమించి, మంచు కరిగాక చిగురిస్తుంది. మన వేసవిలో పగటి ఎండకన్నా రాత్రి ఉక్కే దానికి ఎక్కువ చేటు చేస్తుంది. పగలు ఆకులు తయారుచేసుకున్న ఆహారం వేడి రాత్రుల శ్వాసక్రియలోనే ఖర్చైపోయి, మొక్క నీరసిస్తుంది. అటువంటి మొక్కకు రోజూ నీరు పెడితే వేరు కుళ్లు త్వరగా పడుతుంది.

జవాబు (కర్నూలు): ఈ మొక్కకు సున్నపు నేలలు నచ్చుతాయని చదివాను. మా బేతంచెర్ల నాపరాతి నేలల్లో ప్రయత్నించవచ్చునా?

జవాబు (కడప): నేల నప్పుతుంది, కాలం నప్పదు. సుమారు 1,260 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ కొండలపై కూడా ఈ మొక్క కోరే గడ్డకట్టే చలి ఉండదు.

జవాబు (అనంతపురం, పూలరైతు): మన అంగళ్లలో ఆస్టర్ అని అమ్మే పువ్వు చైనా ఆస్టర్, అది వేరే ప్రజాతికి చెందిన ఏకవార్షికం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన కామిని రకాన్ని మేము నారు పోసి, నెల రోజులకు నాటుతాము. మీరు కోరినది నేలబారుగా పాకే అడవి మొక్క అయితే, గట్ల మీది గడ్డిచేమంతిని ఒకసారి పరిశీలించండి. అదీ ఆస్టర్ కుటుంబంలోనిదే, బహువార్షికమే. ఉష్ణమండల అమెరికా నుండి వచ్చినది కాబట్టి మన ఎండలకు జంకదు. గాయాలకు దాని ఆకు పసరు రాసే అలవాటు పల్లెల్లో నేటికీ ఉంది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. వానలు పడగానే ఒక కుండీలో గడ్డిచేమంతిని, మిగిలిన నాలుగింటిలో కామిని నారును నాటుతాను.