ఏళ్ల తరబడి ఫోరెన్సిక్ వార్డులో ఉన్న పేషెంట్‌తో గోల్స్ ఎలా పెట్టాలి?

ప్రశ్న (వార్డుకు కొత్తగా వచ్చిన ఓటీ):

అందరికీ నమస్తే. నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని (ఓటీ, రోజువారీ పనుల ద్వారా పేషెంట్లకు సాయం చేసేవాళ్లం), జనరల్ సైకియాట్రీ నుంచి ఈమధ్యే ఫోరెన్సిక్ యూనిట్‌కి, అంటే నేరం కేసుల్లో ఉన్న మానసిక రోగుల వార్డుకి మారాను. ఇక్కడ ఎక్కువమంది కోర్టు ఉత్తర్వు మీద వచ్చి ఏళ్లకేళ్లు ఉండిపోయినవాళ్లే. జనరల్ వార్డులో పేషెంట్ కొన్ని వారాల్లో ఇంటికెళ్తాడు కాబట్టి పనిలో చేరాలనో, వంట తనే చేసుకోవాలనో గోల్ ఏదో ఒకటి దొరికేది.

ఇక్కడ ఒకాయన ఉన్నారు, స్కిజోఫ్రీనియా, వయసు యాభై దాటింది. మీకేం కావాలి అని అడిగితే ఒకటే మాట: "బయటికి పంపండి." ఇంకా అడిగితే "మీ ఇష్టం, ఏదో ఒకటి రాసుకోండి" అని మొహం తిప్పేసుకుంటారు. పాత కేర్ ప్లాన్లు తీసి చూస్తే గ్రూపులకు హాజరు కావాలి, శుభ్రత పాటించాలి, మందులు సక్రమంగా వేసుకోవాలి అని ప్రతిసారీ అవే లైన్లు, కింద ఆయన సంతకం. అవి ఆయన గోల్స్ కావు, మనవి. రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. విడుదల మన చేతుల్లో లేనిది, దాన్ని గోల్‌గా రాస్తే లేని ఆశ పెట్టినట్టు అవుతుందేమో. రాయకపోతే ఆయన చెప్పిన ఒక్క మాటా పక్కన పెట్టినట్టే కదా?

జవాబు 1 (ఫోరెన్సిక్‌లో సీనియర్ ఓటీ):

రాయండి. ఆయన మాటల్లోనే, అన్నిటికంటే పైన రాయండి. విడుదల ఎవరు నిర్ణయిస్తారో, టీమ్ ఏం సిఫార్సు చేయగలదో, ఏది మన పరిధిలో లేదో కూడా అప్పుడే దాచకుండా చెప్పండి. ఇన్నేళ్లు వార్డులో ఉన్న మనిషికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు, మనం నిజం చెబుతామా లేదా అన్నదే చూస్తారు.

రిస్క్ అసెస్‌మెంట్‌కి, అంటే హింసకు దిగే ప్రమాదం ఎంతో అంచనా వేయడానికి, మీ దగ్గర హెచ్‌సీఆర్-20 అనే పద్ధతి వాడుతుంటే అందులోని 20 అంశాలను ఒకసారి చూడండి. 10 గతానికి సంబంధించినవి, ఈ రోజు ఏం చేసినా వాటిని చెరిపేయలేం. మిగిలిన వాటిలో 5 ఇప్పటి మానసిక స్థితి గురించి, 5 రాబోయే రోజుల్లో రిస్క్‌ని ఎలా చూసుకుంటారన్న దాని గురించి, అంటే ఎక్కడ ఉంటారు, ఎవరు తోడు, ఒత్తిడి వస్తే ఏం చేస్తారు, చికిత్సకు సహకరిస్తారా అని. ఓటీ పని తగిలేది ఈ రెండో సగానికే. "బయటికి పంపండి" అన్న మాటకీ మీ వర్క్‌షాప్ సెషన్‌కీ లింకు అక్కడే ఉంది, ఆ లింకు పేషెంట్‌కి కనిపించేలా చెప్పాలి. మన దగ్గర చాలామందికి అది ఎవరూ చెప్పరు, గ్రూపుకి రమ్మంటారంతే.

ఇంకొకటి, "మీకేం కావాలి" అనే ప్రశ్న. ఎప్పుడు లేవాలి, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, లైటు ఎప్పుడు ఆర్పాలి అన్నీ వేరేవాళ్లే తేల్చే చోట ఇన్నేళ్లు ఉంటే కావాలనుకోవడమే తగ్గిపోతుంది. దానికి స్కిజోఫ్రీనియాలో వచ్చే నెగెటివ్ సింప్టమ్స్ (ఆసక్తి, చొరవ, మాట తగ్గిపోవడం) తోడు. దాన్ని బద్ధకమనో మోటివేషన్ లేదనో ఫైల్లో రాయడం నాకు అస్సలు నచ్చదు. కీల్‌హాఫ్నర్ 1980లో తెచ్చిన మోహో (మోడల్ ఆఫ్ హ్యూమన్ ఆక్యుపేషన్) అనే ఓటీ మోడల్లో వొలిషన్, అంటే ఒక పని చేయాలని మనసులో కలిగే ప్రేరణ, ఇందుకే అంత ముఖ్యం. నోటితో చెప్పలేని వాళ్ల కోసం ఆ మోడల్లోనే వొలిషనల్ క్వశ్చనైర్ ఉంది, పేరు క్వశ్చనైర్ అయినా ప్రశ్నలేమీ అడగం, పని చేస్తుంటే గమనిస్తాం. ఏ పని దగ్గర కాసేపు ఎక్కువ నిలబడ్డారు, దేన్ని తిరిగి చేతిలోకి తీసుకున్నారు, తప్పు పడితే సరిచేసుకున్నారా వదిలేశారా.

నా పేషెంట్ ఒకాయన ఏ గ్రూపులోనూ నోరు విప్పేవారు కాదు. లాండ్రీ గదిలో మాత్రం చొక్కా కాలర్‌ని తిరగేసి, లోపలివైపు ముందు ఇస్త్రీ చేసి, మళ్లీ పైవైపు చేసేవారు, ఎవరూ చెప్పకుండానే. ఇది ఎక్కడ నేర్చుకున్నారు అని అడిగితే పాత ఉద్యోగం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన గోల్స్ అన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

జవాబు 2 (వార్డు నర్స్):

పై జవాబుకి ఒకటి కలుపుతాను. సెషన్ టైమ్ చూసుకోండి దయచేసి. స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజాపిన్ మందు మీద ఉన్నవాళ్లలో చాలామందికి పొద్దున మత్తు వదలదు. పొద్దున్నే గ్రూపు పెట్టి, రాకపోతే "నిరాకరించాడు" అని రాస్తే ఆ మాట రివ్యూ దాకా వెళ్తుంది, సహకరించని పేషెంట్ అని ముద్ర పడుతుంది. అదే గ్రూపు మధ్యాహ్నం పెట్టి చూడండి.

అలాగే మీరు పెట్టిన గోల్ మాకూ తెలియాలి. మీరు డ్యూటీ దిగాక సాయంత్రాలు, సెలవు రోజులు వార్డులో ఉండేది మేమే. కిచెన్ సెషన్‌కి కత్తులు లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం మాకు రోజూ ఉండేదే, స్టాఫ్ తక్కువైన రోజు మొదట రద్దయ్యేది కూడా ఆ సెషనే. అందుకే స్టాఫ్ ఎంతమంది ఉన్నా జరిగే పని ఒకటైనా గోల్‌లో ఉండాలి, తన బట్టలు తనే ఉతుక్కోవడం లాంటిది. లేకపోతే మన వల్ల ఆగిపోయింది ఆయన ఖాతాలో పడుతుంది.

జవాబు 3 (సైకియాట్రిక్ సోషల్ వర్కర్):

"బయటికి" అంటే ఆయన మనసులో ఎక్కడికి అని నెమ్మదిగా అడిగారా? ఫోరెన్సిక్ కేసుల్లో దెబ్బ తిన్నది చాలాసార్లు సొంత ఇంట్లోవాళ్లే. తిరిగి వెళ్లడానికి ఆ ఇల్లు ఉండకపోవచ్చు, ఉన్నా వాళ్లు రానివ్వకపోవచ్చు, వాళ్ల భయమూ న్యాయమైనదే. ఇంటికెళ్లడం అని గోల్ రాసే ముందు కుటుంబంతో ఎవరు మాట్లాడారో కనుక్కోండి. అసలు విడుదలే కాకపోవచ్చు అనిపించే వాళ్లూ ఉంటారు, వాళ్ల విషయంలో బయటి జీవితానికి సన్నాహం అంటూ తిప్పితే సరిపోదు, ఈ గోడల మధ్య గడిచే రోజు కూడా వాళ్ల జీవితమే.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అండి. ఈ రోజు వర్క్‌షాప్ తలుపు దాకా తీసుకెళ్లాను, లోపలికి రాలేదు గానీ పాత రేడియో విప్పుతున్న ఇంకో పేషెంట్‌ని నిలబడి చూశారు, "ఆ వైరు తప్పు" అన్నారు. ఇలాంటి చిన్నది రివ్యూలో పురోగతిగా ఎలా చూపించాలి? సీఓపీఎం (తన పనులు ఎలా సాగుతున్నాయో పేషెంటే స్కోరు ఇచ్చే ఓటీ పద్ధతి) వాడదామనుకున్నా.

జవాబు 1 (సీనియర్ ఓటీ, మళ్లీ):

సీఓపీఎంలో ఆయనే 1 నుంచి 10 దాకా స్కోరు ఇవ్వాలి. "మీ ఇష్టం" దశలో ఉన్నవాళ్లు అన్నిటికీ ఒకే అంకె చెప్పేస్తారు, కొన్నాళ్లు ఆగండి. ఇప్పటికి గోల్ అటెయిన్‌మెంట్ స్కేలింగ్ పెట్టండి, అంటే ఒక గోల్‌ని -2 నుంచి +2 దాకా మెట్లుగా రాసి, అనుకున్నది జరిగితే 0 ఇవ్వడం, 1968 నుంచి మెంటల్ హెల్త్‌లో ఉన్నదే. తలుపు దగ్గర చూసి వెళ్లిపోవడం -1, లోపలికి వచ్చి కాసేపు కూర్చోవడం 0, ఒక పనిముట్టు చేతిలోకి తీసుకోవడం +1, తనే ఒక రేడియో మొదలుపెట్టడం +2, తలుపు దాకా కూడా రాకపోవడం -2. ఈ మెట్లు మీరొక్కరే రాసెయ్యకండి, కాగితం ఆయన ముందు పెట్టి, "+2 అంటే మీ లెక్కలో ఏంటి" అని అడగండి. ఆ వైరు ఎందుకు తప్పో కూడా అడగండి.