సమస్యాపూరణం: “ఎవ్వడును లేడు వాడె నన్నేచినాడు”

నిర్వాహకుడు:
ఈసారి ఇస్తున్నది తేటగీతి చివరి పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

ఎవ్వడును లేడు వాడె నన్నేచినాడు

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరంతో పొత్తు, ఇక్కడ ఎ-ఏ (నన్ను + ఏచినాడు). విషయం గ్రీకు పురాణాల ఒంటికంటి రాక్షసులు, అంటే సైక్లోప్సులు. గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీ 9వ సర్గలో పాలిఫెమస్ అనే సైక్లోప్స్ గుహ కథ తెలిసినవాళ్ళకి చిక్కు ఇట్టే విడిపోతుంది. గేములాడేవాళ్ళు తమ దారిలో రావచ్చు.

తేటనీరు:
గుడ్డివాడైన పాలిఫెమస్ గుహ బయట చేరిన తోటి రాక్షసులతో అంటున్నట్టు రాశాను.

మధువు పోయించి నిద్రలో మంటకొయ్య
గుచ్చి యున్నట్టి యొక కన్ను గుల్ల చేసె
చెప్పె దన పేరు నాతోడ సేద దీర
“ఎవ్వడును లేడు” వాడె నన్నేచినాడు

నిర్వాహకుడు:
సమస్యలో సగాన్ని పేరుగా విరవడం చాలా బాగుంది. ఆ గుహలో చిక్కిన కథానాయకుడు ఒడిస్సియస్ రాక్షసుడికి తన పేరు ‘ఎవ్వడూ లేడు’ అనే అర్థం వచ్చేలా చెప్పాడు కదా. ‘పోయించి’ మాత్రం కుదరలేదండి. పోయించడమంటే ఇంకొకరి చేత. ఒడిస్సియస్ తానే మూడుసార్లు గిన్నె నింపి అందించాడు. ‘మధువు తా బోసి’ అంటే గణం చెడదు. పేరు చెప్పింది కన్ను పొడవక ముందు కదా అని ఎవరైనా అడగవచ్చు. నొప్పితో అరిచేవాడు వరసగా చెప్పడు, అలాగే ఉండనివ్వండి. ఆ కొయ్య రాక్షసుడి సొంత ఆలివ్ దుంగే. దాన్ని చెక్కి, మొన నిప్పులో కాల్చి, గుహలో పేరుకున్న పేడ కింద దాచారు. ఆ పేడ కూడా పద్యంలోకి వచ్చుంటే ఇంకా బాగుండేది.

ఆటగాడు:
నాది గేమ్ పూరణ.

ఒంటికంటివా డాటలో వేగ వచ్చి
బండ విసరగ నా ప్రాణబలము దఱిగె
తెరకు వెనుకను వెదుకగా దెలిసె నిట్లు
ఎవ్వడును లేడు వాడె నన్నేచినాడు

నిర్వాహకుడు:
ఆలోచన కొత్తగా ఉంది. అవతల మనిషే లేడు, ఓడించింది మాత్రం వాడే! కానీ మొదటి పాదంలో యతి తప్పింది, ఒ-కి వే కుదరదు. ‘ఆటలో నుఱికి వచ్చి’ అంటే ఒ-ఉ సరిపోతుంది. రెండో పాదం ఏ గేముకైనా అతుకుతుంది. మీరు ఆడింది ఏది?

ఆటగాడు:
2002లో వచ్చిన ఏజ్ ఆఫ్ మిథాలజీ అండి. అందులో సైక్లోప్స్ సైనికుణ్ణి అమాంతం ఎత్తి విసిరేస్తాడు. సవరించాను:

ఒంటికంటివా డాటలో నుఱికి వచ్చి
బంటు నెత్తి యల్లంతకు బడగ విసరె
తెరకు వెనుకను వెదుకగా దెలిసె నిట్లు
ఎవ్వడును లేడు వాడె నన్నేచినాడు

తేటనీరు:
ఇప్పుడు బంటు గాల్లో కనిపిస్తున్నాడు. గేముల మీద నాకొక బాధ ఉంది. గాడ్ ఆఫ్ వార్ 3లో కథానాయకుడు క్రేటోస్ సైక్లోప్స్ కన్ను పెరికేస్తాడు. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో హైనాక్స్ అనే ఒంటికంటి రాక్షసుడి కంటికి బాణం తగిలితే కూలబడతాడు. అంతా కన్ను చుట్టూనే. 2018 నాటి అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో బ్రాంటెస్, స్టెరోపెస్, ఆర్గెస్ ఉన్నారు. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ చెప్పిన ఆ ముగ్గురు సైక్లోప్సులూ దేవతల రాజు జ్యూస్‌కి పిడుగు ఇచ్చినవాళ్ళు! గేములో వాళ్ళూ కొట్టి పడేయాల్సిన బాస్‌లే. వాళ్ళకి మాట్లాడే అవకాశం ఎవరిస్తారు?

గడ్డిపూవు:
నేనిస్తాను. తెల్లారాక పాలిఫెమస్ తన పొట్టేలుతో అన్న మాటలివి:

ముందు నడిచెడు పొట్టేల! మూల నిలిచి
వెనుక వచ్చెద వదియేల? వెతయొ నీకు?
కన్ను పోయిన నను జూచి కలగినావొ?
ఎవ్వడును లేడు వాడె నన్నేచినాడు

నిర్వాహకుడు:
అమ్మా, ఇది పూరణ! వాడు ఆ పేరు పలికేటప్పుడు ఆ పేరుగలవాడు, అంటే ఒడిస్సియస్, గుహ నుంచి తప్పించుకోవడానికి అదే పొట్టేలు పొట్ట కింద ఉన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. పద్యంలో ఆ మాట ఎక్కడా లేదు, అయినా వినేవాడికి టెన్షన్ పుడుతుంది. యతులన్నీ సరిగ్గా ఉన్నాయి.

ఆటగాడు:
‘మూల నిలిచి’ బదులు ‘మోత మోసి’ అంటే? పొట్టేలు నిజంగానే బరువు మోస్తోంది కదా, యతి కూడా సరిపోతుంది.

గడ్డిపూవు:
యతి సరిపోతుంది గానీ, ఆ మోత సంగతి రాక్షసుడికి తెలియదండి. తెలిస్తే చెయ్యి కిందికి పోనిచ్చేవాడు. పాపం, వీపు మాత్రమే తడిమి వదిలేశాడు.

నిర్వాహకుడు:
నిజమే. వాడికి తెలియని మాట వాడి నోట రాకూడదు. ‘మూల నిలిచి’ అనే ఉంచండి.