యెహూదా హలేవి జియోనిస్టా?

పాతపుటలు: టెల్ అవీవ్‌లో యెహూదా హలేవి పేరుతో ఒక ముఖ్యమైన వీధి ఉంది. ఆయన 12వ శతాబ్దపు స్పెయిన్ యూదు కవి. పాలస్తీనాలో యూదులకు సొంత దేశం కావాలన్న జియోనిస్టులు ఆయన్ని తమ పూర్వీకుల్లో కలుపుకున్నారు. నాకైతే ఇది న్యాయం అనిపించదు. యూదుల పవిత్ర భూమికి ఆయన తలపెట్టింది భక్తుడి యాత్ర, జాతి ఉద్యమం కాదు.

లైబ్రరీబెంచీ: కానీ వెళ్లాడు కదండీ! కైరో గెనీజాలో, అంటే అక్కడి యూదు ప్రార్థనా మందిరంలో పాత కాగితాలు దాచిన గదిలో, దొరికిన ఉత్తరాలే సాక్ష్యం. పెద్ద వయసులో కూతుర్నీ మనవణ్నీ వదిలి 1140లో అలెగ్జాండ్రియాలో దిగాడు. అక్కడి మిత్రులు ఎంత మర్యాద చేసినా ఉండిపోలేదు. 1141 మే నెలలో ఓడెక్కాక కూడా, పడమటి గాలి వీచేదాకా రేవులోనే కాచుకున్నాడు. ఆ తపన జియోనిస్టులు కల్పించింది కాదు.

పాతపుటలు: తపనను నేను కాదనడం లేదు. కానీ ఆయన జనాన్ని కూడగట్టలేదు, రాజ్యం కోసం పథకం వేయలేదు. తపనను పథకంగా మార్చింది తర్వాతి చరిత్రకారులే. బెన్-సియోన్ దినూర్‌నే చూడండి. 1951 నుంచి 1955 దాకా ఇజ్రాయెల్ విద్యామంత్రి. ఆయన లెక్కలో యూదుల ప్రవాసం మొదలైంది క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలినప్పుడు కాదు, 7వ శతాబ్దంలో అరబ్బులు ఆ నేలను గెలిచినప్పుడు. ఆధునిక యుగమేమో 1700లో ఒక బృందం జెరూసలేంకు వలస వెళ్లడంతో మొదలు! అంటే గడియారం మొత్తం ఆ నేల చుట్టూనే తిరగాలి. అలాంటప్పుడు బాగ్దాద్‌లో, కోర్డోబాలో వందల ఏళ్లు బతికిన వాళ్లది ఉత్త ఎదురుచూపేనా? వాళ్ల వ్యాపారాలు, పెళ్లిళ్లు, తగాదాలు, చదువులు ఏ లెక్కలోకి వస్తాయి? నాకు బాధ కలిగించేది ఇదే.

కృష్ణలంక: మీరిద్దరూ యూదు జాతీయవాదం అంటే జియోనిజం ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు. చరిత్రకారుడు సైమన్ దుబ్నోవ్ కూడా జాతీయవాదే. ఆయన గతంలో వెతికింది నేలను కాదు, సొంత పాలనను. పోలెండ్ యూదులకు నాలుగు ప్రాంతాల మండలి ఉండేది. లుబ్లిన్ సంతకు జనం చేరినప్పుడు ప్రతినిధులు కూర్చుని పన్నులు పంచేవారు, తగువులు తీర్చేవారు. 1764లో పోలెండ్ పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. రాజ్యం లేకుండానే జాతిగా బతకొచ్చనడానికి దుబ్నోవ్‌కు అదే రుజువు. 1941లో రీగాలో నాజీలు ఆయన్ని చంపేశారు. ఆయన నమ్ముకున్న తూర్పు యూరప్ యూదు సమాజాన్నీ తుడిచిపెట్టారు. పాతపుటలు గారూ, దినూర్‌ను తప్పుపట్టేటప్పుడు ఇది మరిచిపోవద్దు. ఆయన మంత్రిగా ఉన్నది ఆ మారణకాండ ముగిసి పదేళ్లయినా కాని రోజుల్లో.

లైబ్రరీబెంచీ: దుబ్నోవ్ చెప్పిన గతం మాత్రం పూర్తి గతమా? ఆ కమ్యూనిటీ పాలన చాలా చోట్ల డబ్బున్న కుటుంబాల చేతుల్లోనే ఉండేది. పన్ను భారం మాపైనే వేస్తున్నారని పేదలు మొత్తుకునేవారు. సొంత పాలన అన్నప్పుడు వాళ్ల మొరనూ చెప్పాలి కదా.