అప్‌డేట్: మెడికల్ స్పానిష్ క్లాసు మొదలైంది
హ్యూస్టన్‌లో మా నర్సింగ్ విద్యార్థులకు మెడికల్ స్పానిష్ ఎక్కడ మొదలుపెట్టాలని పోయిన నెల అడిగాను కదా. గ్రామర్ పక్కనపెట్టి ‘దోందె లె దుయెలె’, అంటే ఎక్కడ నొప్పి అనే ప్రశ్నతో మొదలుపెట్టమన్నారు. అలాగే చేశాను. అడగడం బానే అడుగుతున్నారు; జవాబు గడగడా వచ్చేసరికి బిక్కమొహాలు! ‘మాస్ దెస్పాసియో’, కాస్త నిదానంగా అనడమే ముందు నేర్పాల్సింది. పెద్దవాళ్లనీ ‘తూ’, అంటే నువ్వు అనేస్తున్నారు. మన ‘మీరు’ లాంటి ‘ఉస్తెద్’ అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది.

‘ఇంతోక్సికాదో’ సంగతి చెబితే మాత్రం క్లాసంతా నిశ్శబ్దం. 1980లో ఫ్లోరిడాలో విల్లీ రమిరెజ్ అనే కుర్రాడి ఇంటివాళ్లు ఆసుపత్రిలో, అతనికి తిన్నది పడలేదనే అర్థంలో ఆ మాట వాడారు. అది ఇంగ్లీషు ‘ఇంటాక్సికేటెడ్’ (మత్తులో ఉన్న) లాగా వినిపించి డాక్టర్లు డ్రగ్స్ ఎక్కువయ్యాయనుకున్నారు. అసలు జబ్బు మెదడులో రక్తస్రావం. కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి.

అందుకే రోగుల చేత కాగితాల మీద సంతకాలు పెట్టించే దగ్గర ఇంటర్‌ప్రెటర్‌నే పిలవమన్నాను.