పాత కౌబాయ్ సినిమాల్లో చిన్న వేషాలు వేసినవాళ్ళకి ఇల్లు గడిచేదా?

ప్రశ్న (గుర్రపుడెక్క):
కృష్ణ గారి 1971 నాటి కౌబాయ్ సినిమా చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఈ మధ్య యూట్యూబ్‌లో 1930లు, 40ల నాటి అమెరికా నలుపు తెలుపు వెస్టర్న్‌లు చూస్తున్నాను, ఒక్కోటి గంటలో అయిపోతుంది. హీరోలు మారతారు గానీ వాళ్ళ చేతిలో తన్నులు తినే లావుపాటి మీసాలాయన మాత్రం ఎన్ని సినిమాల్లో ఉన్నాడో! పేరు చార్లెస్ కింగ్ అట. ఇలాంటి ఆర్టిస్టులకి డబ్బులు సరిగ్గా వచ్చేవా? ఆ సినిమాలు ఆగిపోయాక ఏమయ్యారు?

పాతరీలు:
నికరంగా ఏమీ ఉండేది కాదండీ. రిపబ్లిక్, మోనోగ్రామ్, పీఆర్‌సీ లాంటి చిన్న కంపెనీలు వారం, పది రోజుల్లో సినిమా చుట్టేసేవి. కాంట్రాక్టు ఉండేది హీరోకి, మిగతావాళ్ళలో చాలామందికి పని ఉన్న రోజులకే డబ్బు. హాలీవుడ్‌లో సన్‌సెట్ బులవార్డ్, గోవర్ స్ట్రీట్ కలిసే మూలని గోవర్ గల్చ్ అనేవారు, వేషం కావాల్సినవాళ్ళు టోపీ, బూట్లు వేసుకుని అక్కడే నిలబడేవారు. మన కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు పొద్దున్నే ఎదురుచూస్తారే, అచ్చం అలాగే. బందిపోట్ల ముఠాలో గుర్రమెక్కినవాడే టోపీ మార్చి షెరీఫ్ వెంట కూడా పరిగెత్తేవాడు, ఎందుకంటే ఇంకొకడిని పెట్టుకుంటే ఇంకో కూలి ఇవ్వాలి కదా.

సినిమాపిచ్చి:
బాగుపడినవాళ్ళూ ఉన్నారు. గ్యాబీ హేస్ సంగతి చూడండి, గడ్డంతో, బోసినోటితో గొణుగుతూ హీరో పక్కన ఉండే ముసలాయన. నిజానికి ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన నాటకాల మనిషి, బయట నీటుగా డ్రెస్ వేసుకునేవాడు. 1929లో షేర్ మార్కెట్ కూలి దాచుకున్నదంతా పోయాక, భార్య పోరు పెడితే లాస్ ఏంజెలెస్ వచ్చాడు. గుర్రపు స్వారీ నేర్చుకున్నది కూడా నలభై దాటాకే! హోపలాంగ్ కాసిడీ సిరీస్‌లో విండీ అనే పాత్రతో పేరొచ్చింది, జీతం దగ్గర తేడా వచ్చి 1939లో బయటికొస్తే విండీ పేరు వాడుకునే హక్కు పారమౌంట్‌దే అయిపోయింది. దాంతో రిపబ్లిక్ వాళ్ళు గ్యాబీ అన్నారు, అదే నిలిచిపోయింది. ఒక నటుడు ప్రాణం పోసిన పాత్రని కంపెనీ అట్టిపెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పాతరీలు:
అంతకంటే పెద్ద అన్యాయం టీవీ వచ్చాక జరిగింది. 1950ల మధ్యకి ఈ చిన్న వెస్టర్న్‌లు ఆగిపోయాయి, కానీ పాతవాటినే టీవీ వాళ్ళు కొని మళ్ళీ మళ్ళీ వేశారు. పిల్లలంతా ఎగబడి చూశారు, ఆర్టిస్టులకి మాత్రం ఏమీ రాలేదు. 1960లో నటుల సంఘం సమ్మె చేసి రీరన్‌లకి డబ్బు ఇచ్చేలా ఒప్పించింది గానీ, అది 1960 నుంచి తీసిన సినిమాలకే. పాతవాటి కింద సంఘం పెన్షన్, ఆరోగ్య నిధికి ఒక్కసారి కొంత సొమ్ము కట్టి నిర్మాతలు చేతులు దులుపుకున్నారు. చార్లెస్ కింగ్ అయితే 1957లోనే పోయాడు, ఆ మాత్రం కూడా చూడలేదు.

గుర్రపుడెక్క:
ఇంత ఉందని అనుకోలేదు. ఫజ్జీగా వేసే గడ్డపాయన గురించి కూడా చెప్పండి సార్, ఆయన కింద పడే తీరు మామూలుగా ఉండదు.

సినిమాపిచ్చి:
అల్ సెయింట్ జాన్. మూకీల నాటి కమెడియన్ రాస్కో ఆర్బకిల్‌కి మేనల్లుడు, బస్టర్ కీటన్‌తో కలిసి చేసినవాడు, ఆ పడటాలన్నీ అక్కడి చదువే. సినిమాలు ఆగాక ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చాడు, 1963లో జార్జియాలో టూర్‌లో ఉండగానే గుండెపోటుతో పోయాడు. ముందు బస్టర్ క్రాబ్‌తో పీఆర్‌సీకి చేసినవి చూడండి, మీ చార్లెస్ కింగ్ కూడా వాటిలో చాలాచోట్ల తగులుతాడు.